దీపం వెలిగించే కారులో చివరి ఏడు కిలోమీటర్లు

డార్మ్‌స్టాట్‌లోని హైమ ఇంటి గుమ్మం నుంచి ష్వార్ట్స్‌వాల్డ్ కొండ మీది ఆస్పత్రి గేటు వరకు, కారు మీటరు లెక్కన, రెండు వందల ఇరవై ఆరు కిలోమీటర్లు. వాటిలో రెండు వందల పంతొమ్మిదింటి గురించి మా ముగ్గురిలో ఎవరికీ దిగులు లేదు. మేము బయలుదేరింది చివరి ఏడింటి కోసం.

ష్వార్ట్స్‌వాల్డ్ అంటే నల్లడవి. వేసవిలో వెళ్ళి జలపాతాలనూ గోడ గడియారాలనూ చూసి వచ్చినవారు నా కంటే బాగా వర్ణించగలరు. మేము వెళ్ళింది ఫిబ్రవరిలో. చూడడానికి కాదు, తేల్చుకోవడానికి.

హైమది తెనాలి. ఫిజియోథెరపీ చదివి, గుంటూరులో నాలుగేళ్ళు పనిచేసి, భర్త సాంబశివరావు వెంట జర్మనీ వచ్చింది. ఇక్కడ ఆ పట్టా చెల్లడానికి మూడేళ్ళు పట్టింది: భాష పరీక్షలు, మళ్ళీ శిక్షణ, కాగితాల మీద కాగితాలు. ఆ మూడేళ్ళూ ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా భోజనం పళ్ళేలు మోసింది. ఇప్పుడు మొదటిసారి తన సొంత వృత్తిలో ఉద్యోగం వచ్చింది, ఆపరేషన్లయినవారికి తిరిగి నడక నేర్పే కొండ మీది ఆస్పత్రిలో. ఇల్లు కింద లోయ ఊరిలో దొరుకుతుంది. పని ఉదయం ఏడింటికి మొదలు. కొండెక్కే మొదటి బస్సు పైకి చేరేది ఏడూ నలభైకి. హైమకు ఇంకా లైసెన్సు లేదు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే సాంబ రోజూ ఆమెను దింపి రావాలి, మంచు కాలంలో కూడా. జవాబు సోమవారంలోగా చెప్పాలి.

చిక్కల్లా ఒకటే. కిందటి చలికాలం, డార్మ్‌స్టాట్ పక్క కొండల్లో ఒక ఎగువ దారి మలుపు దగ్గర ఆగి, మళ్ళీ బయలుదేరబోతుంటే, చక్రాలు ఉన్నచోటనే తిరిగి, కారు పక్కకు జారి రోడ్డు వార కాలువలోకి దిగింది. హైమ నుదురు అద్దానికి తగిలి బొప్పి కట్టింది. అంతకు మించి ఏమీ కాలేదు. కానీ ఆ తరువాత మంచు పడిందంటే సాంబ తాళంచెవి ముట్టలేదు.

నేను జిండెల్ఫింగెన్‌లో బ్రేకుల నియంత్రణ వ్యవస్థలను పరీక్షించే ఇంజనీరును. మాది హనుమకొండ. హైమ జర్మనీ వచ్చిన కొత్తలో ఇల్లు దొరికేదాకా నా దగ్గర పది రోజులుంది; అప్పటి నుంచి నేను అక్కను. ఆ వారం ఫోన్ చేసి ఇలా అంది:

"అక్కా, మీరు ఒక్కసారి మా ఆయన పక్కన కూర్చుని చూడండి. ఆయన వల్ల కాదంటే సోమవారం వద్దని చెప్పేస్తా. కానీ ఆ మాట తెలిసినోళ్ళు చెప్పాల. నేను చెబితే ఆయన చేతకాదని జన్మంతా నేనే అన్నట్టుంటది."

డార్మ్‌స్టాట్: బయలుదేరే ముందు

శుక్రవారం సాయంత్రం రైల్లో వెళ్ళి వాళ్ళింట్లో పడుకున్నాను. శనివారం ఉదయం సున్నాకు రెండు డిగ్రీల దిగువ. సాంబ కారు అద్దాల మీది పొరను ప్లాస్టిక్ పలకతో గీకుతున్నాడు. ఇంజన్ ఆన్ చేసి గీకితే చుట్టుపక్కలవారు ఊరుకోరని, చప్పుడుకూ పొగకూ జరిమానా కూడా ఉంటుందని చెప్పాడు. మన దగ్గర బండిని ఇంటి ముందు పది నిమిషాలు మోగించడం ప్రయాణ లక్షణం. ఇక్కడ అది నేరం.

నేను పులిహోర డబ్బాల మధ్య వెనక సీట్లో సర్దుకున్నాను. సాంబ స్టీరింగును ముట్టుకుని కళ్ళకద్దుకుని తాళం తిప్పాడు.

"ఏవండీ, దీపం వేశారా?" అంది హైమ.

"వేశా, వేశా."

పొగమంచు ఉంది కనక ముందు లైట్ల సంగతి అనుకున్నాను. మంచి అలవాటే అనుకున్నాను. ముందుకు వంగి చూసి ఉంటే ఈ కథనం ఇక్కడే ముగిసేది. పదమూడేళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషిని, వంగి చూడలేదు.

హైమ కుడిచేయి తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. రహదారి పొడిగా, సూటిగా, ఉప్పు చల్లి తెల్లగా ఉంది. అయినా ఆ చేయి పిడిని వదల్లేదు.

దారిలో ఒక విశ్రాంతి స్థలం

రహదారి పక్క మరుగుదొడ్డికి ఒక యూరో. గేటు యంత్రం ఒక చీటీ ఇస్తుంది. అది చూపితే లోపలి దుకాణంలో ధర తగ్గిస్తారు. ఆ తగ్గింపు కోసం మామూలు కాఫీకి రెట్టింపు ధర పెట్టాలి. సాంబ పర్సులో అలాంటి చీటీలు పదకొండున్నాయి. "ఎప్పటికైనా కలిపి వాడదామని" అన్నాడు. ఒక వస్తువుకు ఒక చీటీయే చెల్లుతుందని దాని మీదే రాసి ఉంది. ఆ సంగతి నేను చెప్పలేదు.

బయటి బల్ల మీద పులిహోర విప్పాము. పక్క బల్ల దగ్గర ఫ్రైబుర్గ్‌కు వెళుతున్న ఒక పెద్దాయన ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. ఆ పసుపు రంగు కుంకుమపువ్వా అని అడిగాడు. హైమ కాదని చెప్పి ఒక గరిటె వడ్డించింది. ఆయన ప్రతి పల్లీనీ విడిగా నమిలి, ఆవాలను చూసి ఆలోచించి, చివరికి ఇంకొంచెం కావాలన్నాడు.

రుణం ఉంచుకోవడం ఆయనకు ఇష్టం లేనట్టుంది. కొండలకు వెళుతున్నామని వినగానే లేచి వెళ్ళి మా కారు ముందు వంగి, రెండు యూరోల నాణేన్ని టైరు గాడిలో నిలబెట్టాడు. ఆ నాణెం చుట్టూ ఉండే వెండి రంగు అంచు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు. అంచు పూర్తిగా గాడిలో దాగితే టైరు చలికాలానికి పనికొస్తుంది. అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా ఇవే ఉండాలని, ఇది చట్టం కంటే పాత సామెత అని చెప్పాడు. మనం టైరుకు నిమ్మకాయ పెడతాం, వీరు నాణెం పెడతారు. నాణెం జవాబు చెబుతుంది.

అంచు దాగింది. టైర్లు మంచివే.

ఆయన వెళ్ళాక సాంబ నెమ్మదిగా అన్నాడు. "టైర్లు కిందటేడు కూడా ఇయ్యేనక్కా. అప్పటికి ఇంకా కొత్తయి. బండి మంచిదే, టైర్లు మంచియే. ఇంక మిగిలింది నేనే గదా?"

హైమ డబ్బా మూత బిగిస్తూ తల ఎత్తలేదు.

లోయ ఊరు: కేకు

ఓఫెన్‌బుర్గ్ దగ్గర రహదారి దిగి, నది వెంట లోపలికి వెళితే, కొండలు దగ్గర పడతాయి. మధ్యాహ్నానికి లోయ ఊరు చేరాము. అక్కడి నుంచి పైకి చూస్తే దేవదారు చెట్ల మధ్య ఆస్పత్రి కిటికీలు కనిపిస్తాయి. దారి మాత్రం కనిపించదు. మలుపులన్నీ చెట్లలో దాగి ఉన్నాయి. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి ఉంది.

ముందు కాఫీ తాగుదామన్నాడు సాంబ. ఈ ప్రాంతానికి వచ్చి ఇక్కడి కేకు తినకపోవడం తిరుపతి వెళ్ళి లడ్డు తినకపోవడమని హైమ అంది. ముక్క నాలుగున్నర యూరోలు, ఇద్దరికి సరిపోతుంది. సాంబ శనివారం గుడ్డు ముట్టడు. ఆ విషయం గుర్తుచేస్తే, "కనపడితే గదా ముట్టడం" అని రెండు చెంచాలు మింగాడు.

మూడో చెంచాకు దుకాణపు ఆవిడ గర్వంగా, క్రీములో పోసే చెర్రీ సారాయి తమ పినతండ్రి ఇంట్లో కాచిందేనని చెప్పింది.

సాంబ చెంచా దించాడు. "అక్కా, మందంట! ఇప్పుడు బండి నడపకూడదు గదా?"

"మూడు చెంచాల కేకుకు ఏం కాదు సాంబా."

"ఎందుకొచ్చిన గొడవ. రూలు రూలే. పైకి మీరు పోనియ్యండి." తాళంచెవి నా పళ్ళెం పక్కన పెట్టాడు.

హైమ అతణ్ణి చూసింది. ఏదో అనబోయి, నన్ను చూసి, ఆగింది. "బస్సు టైమింగ్సు బోర్డు మీద ఉంటయ్యేమో చూసొస్తా" అని లేచి వెళ్ళింది. బస్సు వేళలు ఆమెకు కంఠతా వచ్చు. భయాన్ని భయమని చెప్పుకోలేని మనిషికి సాకు ఎంత అవసరమో, ఆ సాకును చూడనట్టు వెళ్ళిపోయే మనిషి కూడా అంతే అవసరం.

కారులో ఇద్దరం

నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజన్ ఆన్ చేశాను. సూచికలన్నీ ఒకసారి వెలిగి ఆరాయి. గేరు మీద చేయి వేశానో లేదో, "ఆగండక్కా, ముందు ఇది వెయ్యాల" అంటూ సాంబ చేయి చాచి, గేరు ముందున్న ఒక బటన్ నొక్కాడు.

అద్దం కింద పసుపు దీపం వెలిగింది. వెనక మెలికలు తిరిగిన రెండు గీతలతో కారు బొమ్మ, దాని కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు: ఆఫ్.

గేరు మీది చేయి తీశాను.

"సాంబా, ఇదేంది?"

"జారకుండా పట్టుకునే సిస్టమక్కా. మీకు తెలవందా? స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆరిపోతంది. అందుకే మర్చిపోకుండా వేస్తా. నేను మర్చిపోయినా హైమ గుర్తు చేస్తది."

"ఎప్పటి నుంచి ఏస్తున్నవ్?"

"కొన్నప్పటి నుంచి. రెండు చలికాలాలు. నవంబర్ నుంచి మార్చి దాకా, ఒక్కరోజు తప్పలా." కారు అమ్మినాయన తమ ఊరివాడేనట, తాళాలు ఇస్తూ, మంచులో ఇబ్బందైతే ఈ బటన్ నొక్కమన్నాడట. నొక్కితే దీపం వెలిగింది. వెలిగింది కనక పనిచేస్తోంది. కింద ఉన్న 'ఆఫ్'ను, మళ్ళీ నొక్కితే ఆగుతుందని చదువుకున్నాడు. మన ఇళ్ళలో స్విచ్ బోర్డు మీది ఎర్ర దీపం వెలిగితే కరెంటున్నట్టు, గీజరు దీపం వెలిగితే నీళ్ళు కాగుతున్నట్టు. సాంబ చదివిన చదువులో లోపం లేదు. అది వేరే భాష, అంతే.

నేను ఇంజన్ ఆపి చెప్పాను. నాలుగు చక్రాల దగ్గరా తిరుగుడును లెక్కపెట్టే సాధనాలుంటాయి. ఇంజను బలంతో తిరిగే రెండు ముందు చక్రాల్లో ఒకటి మిగతావాటి కంటే వేగంగా తిరిగితే, అది నేలను పట్టుకోక వట్టిగా తిరుగుతున్నట్టు. అప్పుడు ఒక చిన్న కంప్యూటరు ఆ చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది, ఇంజను బలం తగ్గిస్తుంది. ఎవరూ నొక్కనవసరం లేదు. తాళం తిప్పగానే అదే మేలుకుంటుంది. ఈ బటన్ కరెంటును కోసే స్విచ్చు కూడా కాదు. కాసేపు ఊరుకోమని ఆ కంప్యూటరుకు పంపే మనవి. మనవి అందిందని, ఇప్పుడు అది ఊరుకుందని గుర్తుచేయడానికే దీపం.

"అంటే దీపం వెలిగితే..."

"నిద్ర పోతున్నట్టు."

సాంబ ఆ దీపం ఉన్నచోటును వేలితో తడిమాడు. "చక్రం తిరగతా ఉంటే నేనింకా తొక్కానక్కా ఆ రోజు. సిస్టం ఉంది గదా, చూసుకుంటది అనుకున్నా. మా పొలంలో ట్రాక్టరు దిగబడితే తొక్కకూడదని చిన్నప్పుడే తెలుసు నాకు."

ఆ రోజు కారు జారడానికి ఈ బటనే కారణమని నేను అనలేను. నేను అక్కడ లేను, కొలతలు లేవు. సాయపడవలసినదాన్ని అతడే నిద్రపుచ్చాడు. చెప్పగలిగింది ఇంతే, ఇదే చెప్పాను. చెప్పనిది ఒకటి ఉంది. ఆ దీపానికి పరీక్షలు రాసేవాళ్ళలో నేనొకదాన్ని. బటన్ నొక్కాక దీపం వెలగాలి. వెలిగితే 'సరి' అని గుర్తు పెట్టాలి. ఎన్ని వందలసార్లు పెట్టానో. చూసే మనిషి దాన్ని ఏమని చదువుకుంటాడన్న గడి ఆ పట్టికలో లేదు.

"హైమకి చెప్పబాకండక్కా" అన్నాడు సాంబ. "జారాక ఏమన్నానో తెలుసా? దీపం కూడా వేశానే, అయినా జారింది, ఇంక నా చేతుల్లోనే ఏదో లోపం ఉంది అన్నా. అదే మాట పట్టుకుని ఏడాదిగా నన్నొక్క మాట అనలా. ఇప్పుడు నా చేత్తోనే ఆపానని ఎట్లా చెప్పను?"

హైమ వచ్చి వెనక కూర్చుంది. నేను తాళం తిప్పాను.

"దీపం వేశారా?"

"ఆఁ" అన్నాడు సాంబ.

అతడు అబద్ధమాడాడు. నేను నోరు మూసుకుని అందులో పాలు పంచుకున్నాను. ఆ రోజు కొండెక్కలేదు. చినుకులు మంచుగా మారుతున్నాయని, రేపు చూద్దామని చెప్పి కారును రాత్రికి మాట్లాడుకున్న విడిది వైపు తిప్పాను.

విడిది

విడిది యజమానురాలు డెబ్భై దాటిన వితంతువు. గుమ్మంలోనే బూట్లు విప్పించి, ముగ్గురికీ ఉన్ని చెప్పులు ఇచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడవడం మన ఆచారమని గర్వపడుతూ వచ్చాము. ఈవిడ పాదాల కొలత చూసి చెప్పులు ఎంచి ఇచ్చింది. రాత్రి భోజనం రొట్టె, జున్ను, ఊరబెట్టిన దోసకాయలు. సాంబ తన డబ్బాలోంచి గోంగూర తీసి రొట్టెకు రాసుకున్నాడు. ఆవిడ వేలికొసతో రుచి చూసి, కళ్ళు తుడుచుకుని, ఈ ఆకు పెరటిలో పెరుగుతుందా అని అడిగింది.

హైమ వృత్తి ఏమిటో తెలియగానే ఆవిడ బల్ల కింద నుంచి కుడికాలు బయటికి చాచింది. మోకాలు మార్చారు, అదే కొండ మీది ఆస్పత్రిలో నడక నేర్చుకుంది. ఇప్పుడు తన చెల్లెలు తుంటి ఆపరేషన్ చేయించుకుని వరుసలో ఉంది. పైన నేర్పేవాళ్ళు చాలడం లేదట.

హైమ నేల మీద మోకరిల్లింది. ఆ మోకాలిని రెండు చేతుల మధ్య పట్టుకుని, వంచి, చాపి, మెట్ల దగ్గరికి నడిపించింది. నాలుగేళ్ళ పరిచయంలో ఆమె తన పని చేస్తుండగా చూడడం నాకదే మొదలు. ఆమె జర్మన్ కూడా అప్పుడు మారిపోయింది. తడబాటు లేదు. ఆవిడ రెయిలింగును బిగించి పట్టుకుని, నేను దీన్ని వదలలేను, ఇన్ని నెలలైనా వదలలేను అంది.

"వదలమని నేను చెప్పను" అంది హైమ. "కాలు మీద నమ్మకం కుదిరిన రోజున చెయ్యి దానంతటదే వదులుతుంది. మన పని కాలుతోనే."

సాంబ రొట్టె తినడం మానేసి ఆమెనే చూస్తున్నాడు. అతడి జర్మన్ అంతంతమాత్రం. అయినా ఆ వాక్యం అర్థమైందని ముఖం చెప్పింది.

ఆదివారం: మూసిన దుకాణం ముందు

ఉదయం ఏడింటికి సాంబ నా గది తలుపు తట్టాడు. బయట అంగుళం మందం మంచు. "అక్కా, అది మేలుకుంటే ఎట్టా ఉంటదో నాకు చూపియ్యండి. తర్వాత నేనే చెప్తా హైమకి."

ఆదివారం ఈ దేశంలో దుకాణాలు తెరవవు. ఊరి చివరి కిరాణా దుకాణం ముందు పార్కింగు అంతా ఖాళీ. అది విడిది ఆవిడ బంధువుదే. ఆవిడే ఫోన్ చేసి అనుమతి అడిగి పెట్టింది. చివర చిన్న ఎగుడు ఉంది.

మొదట బటన్ నొక్కించాను. పసుపు దీపం. ఎగుడు మీద కదలమన్నాను. చక్రం కూతపెట్టింది, మంచు ఎగిరింది, కారు అక్కడే ఉండి ముక్కు పక్కకు తిప్పింది. ఆ కూత సాంబకు తెలుసు. మళ్ళీ నొక్కించాను. దీపం ఆరింది. అదే ఎగుడు, అదే కాలు. ఈసారి కింద ఏదో గరగరమంది, పెడల్ బలం తగ్గింది, పసుపు బొమ్మ టపటపా మిణికింది. సాంబ బెదిరి బ్రేకు తొక్కాడు.

"ఏదో పాడైందక్కా!"

"పాడు గాలె. మిణికితే పనిచేస్తున్నట్టు. నిలకడగా వెలిగితే పడుకున్నట్టు. దాన్ని చెయ్యనియ్యి. నువ్వు కాలు మెత్తగ పెట్టు, గంతే."

మూడోసారి కారు గొణుక్కుంటూ, అంగుళం అంగుళం, ఎగుడు ఎక్కింది. పదిసార్లు చేయించాను. ఆగడం కూడా చేయించాను, ఎందుకంటే ఈ వ్యవస్థ కదలడానికే సాయం. వేగంగా మలుపు తిరిగేవాడిని గానీ ఆలస్యంగా బ్రేకు వేసేవాడిని గానీ ఇది కాపాడదు. పదోసారికి అతడి భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగాయి.

"ఒకటి చెప్పండక్కా. ఆపకూడనిదానికి ఆపే బటన్ ఎందుకు పెట్టారు?"

మంచి ప్రశ్న. లోతు మంచులోనో ఇసుకలోనో దిగబడినప్పుడు చక్రం కొంత తిరిగితేనే బయటపడుతుంది. ఈ వ్యవస్థ ఆ కొంత కూడా తిరగనివ్వదు. అప్పటికి మాత్రమే ఆ బటన్. నీకు కారు అమ్మినాయన చెప్పింది నిజమే, నువ్వు విన్నదీ నిజమే అన్నాను. ఇబ్బందైతే అన్నాడు కదా.

కొండ దిగువ

పలహారం అయ్యాక కారు పక్కన నిలబడి చెప్పాడు. నేను కాస్త దూరం జరిగాను. కానీ మంచు మీద మాట దూరం పోతుంది.

"హైమా, ఆ దీపం వెలిగితే సిస్టం ఆగిపోయినట్టంట. రెండేళ్ళుగా నేనే ఆపతన్నా. కిందటేడు కూడా నేనే ఆపా."

నాకు భయమేసింది.

"మరి నేనో?" అంది హైమ. "రోజూ పక్కన కూర్చుని దీపం వేశారా, దీపం వేశారా అని పోరు పెట్టింది ఎవరు? ఒకరోజు మీరు మర్చిపోతే సగం దారిలో బండి ఆపించి మరీ వేయించా."

"అది నిజమే."

"ఇద్దరం కలిసి పూజ చేశాం దానికి. హారతి ఒక్కటే తక్కువ." ఆమె నవ్వింది. తరువాత నవ్వు ఆగింది. "ఏడాది నుంచి మీ చేతులే మంచియి కాదనుకుంటన్నారా? నాతో అనొచ్చు గదా."

"నువ్వూ అట్టాగే అనుకుంటన్నావేమోనని."

ఆమె కాదనలేదు. అవుననీ అనలేదు. "అక్కా, రండి, చలిగా ఉంది" అని నన్ను పిలిచి, ముందు సీట్లో కూర్చుంది.

ఏడు కిలోమీటర్లు

సాంబ స్టీరింగును కళ్ళకద్దుకున్నాడు. తాళం తిప్పాడు. చేయి అలవాటుగా బటన్ దాకా వెళ్ళి, గాలిలో ఆగి, గేరు మీదికి వచ్చింది.

"చీకటిగా ఉంది" అంది హైమ, దీపం లేని చోటును చూస్తూ. "ఆరిపోయింది అనకండి. మా అమ్మమ్మ వింటే కొడతది. కొండెక్కింది అనాల."

"ముందు బండెక్కనియ్యవే."

మంచు తోసే బండి ఐదింటికే వెళ్ళింది, దాని మీద మళ్ళీ సన్నని పొర పడింది. మొదటి మలుపులో పసుపు బొమ్మ రెండుసార్లు మిణికింది. సాంబ కాలు తీయలేదు, ఇంకా తొక్కనూ లేదు. నాలుగో కిలోమీటరు దగ్గర, ఎదురుగా కట్టెల లారీ వస్తుంటే ఎగువలోనే ఆగవలసి వచ్చింది. కిందటేడు ఆగినటువంటి చోటే. లారీ వెళ్ళిపోయింది. సాంబ మెత్తగా కాలు పెట్టాడు. కింద గరగర శబ్దం, ముక్కు ఒక వేలెడు పక్కకు జరిగి, మళ్ళీ సూటిగా వచ్చింది, కారు కదిలింది. హైమ చేయి పిడి మీదే ఉంది.

ఆస్పత్రి గేటు దాటి, సందర్శకుల పార్కింగులో ఒక మూలకు పోనిచ్చాడు సాంబ. ఆ మూల ఇంకా మంచు తీయలేదు. పాదం లోతున కూరుకుపోయాము. హైమ దిగి ఆస్పత్రి చూసి వచ్చింది. గాజు తలుపుల వెనక సమాంతర కడ్డీల మధ్య ఒకాయన నడక నేర్చుకుంటున్నాడని, ఆదివారం కూడా ఎవరో పక్కన నిలబడ్డారని చెప్పింది.

తిరిగి బయలుదేరబోతే కారు కదలదు. బొమ్మ మిణుకుతోంది, ఇంజను గొంతు నొక్కినట్టు మూలుగుతోంది, చక్రాలు తిరగడమే లేదు. అటుగా మంచు పార పట్టుకుని పోతున్న ఆస్పత్రి పనివాడు ఆగి, మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు.

సాంబ అద్దంలో నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి చెట్ల వైపు చూశాను.

అతడు బటన్ నొక్కాడు. పసుపు దీపం నిలకడగా వెలిగింది. మెత్తగా ముందుకు, మెత్తగా వెనక్కు, మళ్ళీ ముందుకు. చక్రాలు కొంచెం తవ్వాయి, కొంచెం పట్టాయి. మూడో ఊపుకు కారు గుంటలోంచి లేచి, తీసిన దారి మీదికి వచ్చి నిలిచింది. పనివాడు పార ఎత్తి మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

సాంబ గేరు మార్చబోయాడు.

"ఏవండీ" అంది హైమ. "దీపం తీశారా?"

అతడు నొక్కాడు. దీపం ఆరింది.

"తీశా."

"రేపు పొద్దున్నే తొమ్మిదింటికి వాళ్ళకి ఫోన్ చేస్తా. ఏప్రిల్ నుంచి వస్తానని చెప్తా. అక్కణ్ణుంచి చలికాలానికి ఇంకా ఆరు నెలలుంటది, ప్రాక్టీసు చేసుకోండి."

దిగువ మలుపులు ఎగువ మలుపుల కంటే కష్టం. రెండో గేరులోనే దిగమని చెప్పాను. దారిలో చేగోడీల పొట్లం విప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది హైమకు. అప్పటి నుంచి లోయ ఊరు వచ్చేదాకా తలుపు పైనున్న పిడి ఖాళీగా ఊగుతూనే ఉంది.